సిలోన్‌లో ఎండ కాసే వైపు

చిన్నప్పుడు నాకు సిలోన్ అంటే తెలుగు మాట్లాడే దేశం. నవ్వకండి. అందుకో కారణం ఉంది.

మాది లింగాల. ఇప్పుడు నాగర్‌కర్నూలు జిల్లా. 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లా. అచ్చంపేట దాటి నల్లమల అంచుకు చేరితే మా ఊరొస్తుంది. హైదరాబాదు నుంచి శ్రీశైలం పోయే బస్సులు మన్ననూరు మీదుగా ఘాట్ ఎక్కి వెళ్ళిపోతాయి, మా వైపు తిరగవు. ఏడాదిలో ఒక్క చైత్ర పౌర్ణమికి మాత్రం సలేశ్వరం జాతర కోసం జనం మా దారిన అడవిలోకి నడుస్తారు. జాతర అయిపోతే మళ్ళీ మేమూ, మా ఎర్రదుబ్బా, మా ఎండా. జొన్న, ఆముదం, పల్లీ పండితే పండినట్టు. లేకపోతే గుంపుమేస్త్రి వచ్చి అడ్వాన్సు ఇచ్చి ఊరికి ఊరునే లారీ ఎక్కించేవాడు. దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా, కాలువ తవ్వినా అక్కడ 'పాలమూరు లేబర్' ఉండేవాళ్ళు. మా నాన్నా వాళ్ళలో ఒకడు.

అలాంటి ఊళ్ళో 1970లలో మా వీధి మొత్తానికి ఒకటే రేడియో. మధ్యాహ్నం అది సిలోన్ స్టేషన్ పట్టేది. గరగరల మధ్య నుంచి మీనాక్షి పొన్నుదురై గారి గొంతు వినిపించేది. తెలుగులో పలకరించి, తెలుగు సినిమా పాటలు వేసేవారు. మా అక్కా నేనూ వేపచెట్టు కింద కూర్చుని వినేవాళ్ళం. హైదరాబాదు కూడా చూడని వాణ్ణి. అంత దూరాన సముద్రం మధ్య ఉన్న దేశం నుంచి తెలుగు వస్తోందంటే అక్కడి వాళ్ళంతా తెలుగువాళ్ళేనని తేల్చేసుకున్నాను. 1972లో సిలోన్ శ్రీలంక అయిందని బడిలో చెప్పారు గానీ మా వేపచెట్టు కింద మాత్రం అది సిలోనే.

తర్వాత పెద్దయ్యాను. ఆ భ్రమ పోయింది. ఎలాగో సినిమాల్లో పడ్డాను. మాటలు రాసేవాళ్ళ పక్కన కూర్చుని రాయడం, తర్వాత నా పేరుతో కొన్ని రాయడం. మొదటిరోజుల్లో ఒక ఆఫీసులో ఓ పెద్దమనిషి నేను చదివిన సీను విని, "బాగుందయ్యా, కానీ నీ యాస హాస్యగాడికి పనికొస్తుంది, లేదా రౌడీకి. హీరోకి పనికిరాదు. మార్చుకో" అన్నాడు. మార్చుకున్నాను. నోట్లో రాయి పెట్టుకుని మాట్లాడినట్టు ఏడాది మాట్లాడాను. తర్వాత ఆ రాయి సంగతే మర్చిపోయాను. అమ్మ బతికున్నన్నాళ్ళూ ఫోన్‌లో నా మాట విని, "ఎవరితో మాట్లాడుతున్నవ్‌రా, నాతోనేనా?" అనేది.

సరే, అసలు కథకొస్తాను.

2023 ఆగస్టులో ఒక పాట కోసం లొకేషన్లు చూడ్డానికి శ్రీలంక వెళ్ళే బృందంలో నన్నూ వేశారు. సినిమావాళ్ళకు శ్రీలంక అంటే ఏమిటో మీకు తెలుసు. జలపాతాలు, టీ తోటలు, పొగమంచు, కొబ్బరిచెట్ల కింద బీచి. 'ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్' (1957) తీయడానికి డేవిడ్ లీన్ వెళ్ళింది కితుల్గలకే. అక్కడి అడవి చూస్తే పచ్చదనం కళ్ళల్లోంచి కారుతుందేమో అనిపిస్తుంది. మేమూ అవే చూశాం. నువర ఎలియ, కాండీ, బెంతోట. కాండీలో ఎసల పెరహెర ఉత్సవాలకు హోటళ్ళు కిటకిటలాడుతున్నాయి. దర్శకుడికి జలపాతం దొరికింది, కెమెరామన్‌కి మంచు దొరికింది. నాకు రెండు రోజులు సెలవు దొరికింది.

ఆ రెండు రోజులూ ఎక్కడికెళ్తారని అడిగాడు డ్రైవరు. అరవై దాటిన సింహళీయుడు, ఇంగ్లీషూ కాస్త తమిళమూ వచ్చు. "జనం వెళ్ళని వైపు" అన్నాను. నా ముఖం వంక చూసి, "అక్కడ ఏమీ లేదు సార్, ఎండ తప్ప" అన్నాడు. ఈ మాట నాకు కొత్త కాదు. మా ఊరి గురించి అందరూ అనేది అదే.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఎండు ప్రాంతంలోనే తంబుత్తేగమ పక్కన కూడాగమ అని ఒక ఊరుందనీ, అక్కడి పాములవాళ్ళు తెలుగు మాట్లాడతారనీ ఎక్కడో చదివాను. సింహళంలో వాళ్ళను అహికుంటకలంటారు. కలావెవ, అందరబెద్ద, తూర్పున అలిగంబె అని ఇంకా కొన్ని చోట్ల వాళ్ళ నివాసాలున్నాయి. అన్నీ ద్వీపంలో ఎండు వైపునే. "కూడాగమ పోదాం" అన్నాను.

ద్వీపం ఒకటే గానీ వానలు రెండు రకాలు. నైరుతి గాలులు అరేబియా సముద్రం తేమంతా మోసుకొచ్చి నడిమి కొండలకు కొట్టుకుంటాయి. ఎనిమిది వేల అడుగులు దాటిన పిదురుతలగల ఉంది ఆ కొండల్లోనే. వచ్చిన వానంతా కొండకు ఇవతలే కురిసిపోతుంది. అక్కడ ఏడాదికి 2500 మిల్లీమీటర్ల పైనే. కొండ దాటి ఉత్తరానికీ తూర్పుకీ దిగేసరికి ఆ గాలిలో తడి ఉండదు, వేడి మాత్రం ఉంటుంది. ఆ వైపు వాళ్ళు అక్టోబరులో మొదలయ్యే వానల కోసం కళ్ళు కాయలు కాసేలా చూడాలి. మేం వెళ్ళింది ఆగస్టులో. అంటే ఎండకు నడినెత్తిన.

కురునేగల దాటి గల్గమువ వైపు పోతుంటే కొబ్బరితోటలు పలచబడ్డాయి. మట్టి ఎర్రబడింది. రోడ్డు పక్క ముళ్ళకంపలు, వాటి వెనక ఏనుగులు రాకుండా కరెంటు తీగల కంచెలు. డ్రైవరు ఒక చెట్టు చూపించి "పాలు" అన్నాడు. నేను దిగి ఆకు తుంచి చూశాను. మా అడవిలోని పాలచెట్టే! చిన్నప్పుడు ఆ పసుపుపచ్చ పళ్ళు తిని పెదాలు అంటుకుపోయిన రోజులు గుర్తొచ్చాయి. జలపాతాల దగ్గర రాని కన్నీళ్ళు ఆ మురికి ఆకు చూస్తే వచ్చాయంటే మీరు నమ్మాలి.

దారిలో ఒక గుడిసె హోటల్లో ఆగాం. నల్లటి రొట్టె, మీద కారంగా ఉల్లిపాయ నూరిన పచ్చడి. "కురక్కన్ రొట్టె" అన్నాడు డ్రైవరు. నోట్లో పెట్టగానే తెలిసింది. తైదలు! మీరు రాగులంటారు, మా వైపు తైదలంటాం. పైగా ఆ రొట్టె పేరు కూడా 'రొట్టె'యే. అయిదు రోజులు అయిదు నక్షత్రాల హోటళ్ళలో తిన్నదంతా ఆ ఒక్క రొట్టెతో అరిగిపోయింది.

"ఇక్కడ వాన చాలా తక్కువ సార్, వెయ్యి, పన్నెండొందల మిల్లీమీటర్లే" అన్నాడతను జాలిగా. నాకు నవ్వాగలేదు. మా పాలమూరులో ఆరేడు వందలు పడితే మంచి కాలమని బోనాలు పెడతాం. వీళ్ళ కరువు మా కలలో కూడా రాని పంట!

మరి కూడాగమకు ముందే కలావెవ చూపించాడు. వెవ అంటే చెరువు. అయిదో శతాబ్దంలో ధాతుసేనుడనే రాజు తవ్వించింది. ఆగస్టు కాబట్టి నీళ్ళు వెనక్కి తగ్గి ఒడ్డంతా పచ్చిక పరుచుకుని ఉంది. కట్ట మీద నిలబడి చూస్తే ఈ చివర నుంచి ఆ చివర కనబడలేదు. మా నాన్న మట్టి తట్ట మోసిన మనిషి. ఏ కట్ట చూసినా "ఎన్ని తట్టలు పడ్డయో దీనికి" అనేవాడు. నేనూ అదే అనుకున్నాను. ఇక్కణ్ణించి అనూరాధపురానికి 87 కిలోమీటర్ల కాలువ, యోధ ఎల. మొదటి పదిహేడు మైళ్ళలో మైలుకు ఆరంగుళాలే వాలట! పదిహేను వందల ఏళ్ళ కింద ఏ యంత్రం లేకుండా అంత సన్నని వాలు పెట్టిన మేస్త్రి ఎవరో! రాజు పేరు మిగిలింది, మేస్త్రి పేరు మిగల్లేదు. సినిమా టైటిల్స్‌లో కూడా అంతే కదా.

ఆ ధాతుసేనుడి కథ వింటే మన దర్శకులు వదిలిపెట్టరు. కొడుకు కశ్యపుడు తండ్రిని చెరలో పెట్టి, దాచిన ధనం ఎక్కడుందో చూపించమన్నాడు. రాజు ఈ చెరువుకు తీసుకొచ్చి, నీళ్ళలో దిగి, దోసిట్లోకి నీళ్ళు తీసుకుని, నా దగ్గరున్న ధనమంతా ఇదేనన్నాడట. కొడుకు మండిపడి తండ్రిని బతికుండగానే గోడలో పెట్టి కట్టించాడని వాళ్ళ పురాతన గ్రంథాలు చెబుతాయి. ఆ కశ్యపుడు కట్టిందే సిగిరియా కోట. ప్రపంచమంతా టిక్కెట్టు కొని ఆ కొడుకు కోట ఎక్కుతుంది. తండ్రి చెరువు దగ్గర ఆ పూట మేమిద్దరం, నాలుగు గేదెలు.

1976లో మహావేలి నదిని పొల్గొల్ల దగ్గర మళ్ళించాక ఆ తడి వైపు నీళ్ళు ఇటు కూడా వస్తున్నాయి. తంబుత్తేగమ చుట్టూ పొలాలు అందుకే పచ్చగా ఉన్నాయి. కానీ కూడాగమకు వచ్చేసరికి మళ్ళీ దుమ్ము, సిమెంటు ఇటుకల ఇళ్ళు, రేకుల కప్పులు, వాకిట్లో కుక్కలు.

ఇక్కడే నా పరువు పోయింది.

ఒక ఇంటి ముందు ముసలావిడ కూర్చుని ఉంది. చేతుల మీద పచ్చబొట్లు. నేను రెండు చేతులూ జోడించి, నా సినిమా గొంతుతో, "నమస్కారమండీ, మీరు తెలుగు మాట్లాడతారని విన్నాను" అన్నాను. ఆమె నా వంక చూసింది. డ్రైవరు వంక చూసింది. "మీ పూర్వీకులు ఎప్పుడు వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు?" అన్నాను. పక్కనున్న ఆడపిల్లలు కిసుక్కున నవ్వారు. ఆమె డ్రైవర్ని సింహళంలో ఏదో అడిగింది. "ఈయన ఏ భాష మాట్లాడుతున్నాడు అంటోంది సార్" అన్నాడతను.

ముప్పయ్యేళ్ళుగా తెలుగు రాసి బతుకుతున్నవాణ్ణి! ఏం చెప్పమంటారు?

ఇంతలో ఒక నల్లకుక్క గుర్రుమంటూ నా కాళ్ళ మీదికొచ్చింది. భయంలో మనిషికి నేర్చుకున్న భాష రాదు, పుట్టిన భాషే వస్తుంది. "అవ్వా, కుక్క కరుస్తదా?" అని అరిచాను.

ముసలావిడ మొహం వెలిగిపోయింది. "కరవదు, రా" అంది.

రెండే మాటలు. అంతే. రేడియోలో గరగర ఆగి గొంతు స్పష్టంగా వినబడ్డట్టయింది నాకు. నేను అక్కడే నేల మీద కూర్చున్నాను. "అవ్వా, నీళ్ళియ్యి" అన్నాను. నీళ్ళొచ్చాయి. ఇక నేను లింగాల భాష తప్ప ఇంకోటి మాట్లాడలేదు. అయినా సగం ఆమె మాటలు నాకు పట్టుబడలేదు. వాటిలో తమిళం ఉంది, సింహళం ఉంది, ఎవరిదో తెలియని పాతదనం ఉంది. కానీ నీళ్ళు నీళ్ళే, పాము పామే, ఇల్లు ఇల్లే. ఇంటి భాష అంతా చెక్కుచెదరకుండా ఉంది. లేనిదల్లా 'పూర్వీకులు', 'స్థిరపడ్డారు' లాంటి మాటలే.

ఆమె చెప్పింది. ఆమె పుట్టింది గాడిదల వెంట. తాళపత్రాల గుడారం, ఒక చోట ఏడు రోజులకు మించి ఉండకూడదన్న కట్టుబాటు. మగవాళ్ళు పాముల్ని, కోతుల్ని ఆడించేవాళ్ళు, ఆడవాళ్ళు చెయ్యి చూసి జాతకం చెప్పేవాళ్ళు. తర్వాత సర్కారు ఇళ్ళిచ్చింది, పిల్లల్ని బడిలో వేశారు. అడవి జంతువుల చట్టాలు బిగిసిన కొద్దీ పాములూ కోతులూ దూరమయ్యాయి.

మా ఊరికీ పంటలయ్యాక పాములోళ్ళు వచ్చేవాళ్ళు. సినిమా టెంటు రాకముందు మాకు వినోదం వాళ్ళే. ఆ సంగతి చెబితే అవ్వ లోపలికి కేకేసింది. ఆమె మొగుడు ఒక గంప, సొరబుర్ర నాగస్వరం పట్టుకుని వచ్చాడు. మూత తీస్తే గంపలో ఏమీ లేదు! పాము లేని గంప ముందు కూర్చుని, బుగ్గలు పూరించి వాయించడం మొదలుపెట్టాడు. వింటే ఏమిటో తెలుసా? 'నాగిన్' సినిమా వరస!

సినిమా పత్రిక చదివేవాళ్ళకు చెప్పాల్సిన సంగతి ఇది. 1954 నాటి హిందీ 'నాగిన్'లో హేమంత్ కుమార్ సంగీతానికి ఆ వరస వాయించింది పాములవాడి బుర్ర మీద కాదు. కల్యాణ్‌జీ దాన్ని క్లావయొలిన్ అనే కరెంటు మీటల వాయిద్యం మీద వాయించారు. సినిమావాళ్ళు పాములవాడి దగ్గర బుర్ర స్వరం అప్పు తీసుకుని కరెంటు పెట్టెలో వాయిస్తే, పాములవాళ్ళు దాన్ని విని మళ్ళీ బుర్రలోకి ఎక్కించుకున్నారు. పాము ఆడేది పాటకు కాదు, బుర్ర కదిలే తీరుకు. కాబట్టి దానికి ఏ వరసైనా ఒకటే. ఆ వరస మనుషుల కోసమే. అలా సినిమా పాట సముద్రం దాటి కూడాగమ చేరింది. వాకిట్లో పిల్లలు పడగల్లా చేతులెత్తి ఊగుతున్నారు. గంప ఖాళీగానే ఉంది.

వాయించడం అయ్యాక అవ్వ నన్ను ఒక మాట అడిగింది. "మీ ఊళ్ళో అందరూ ఇట్లనే మాట్లాడతారా?"

"ఎనిమిది కోట్ల మంది" అందామనుకున్నాను. 2011 జనాభా లెక్క అది. కోటి అంటే ఆమెకేం తెలుస్తుంది? "అందరూ మాట్లాడతరు అవ్వా" అన్నాను.

"అంగట్లో?"

"అంగట్ల."

"పోలీసోళ్ళు కూడా?"

"వాళ్ళు గూడ."

ఆమె మొగుడితో ఏదో అంది. నమ్మినట్టు లేదు. ఆమెకు ఆ భాష పదిళ్ళ భాష. పోలీసువాడు ఆ భాషలో తిట్టడం ఆమె ఊహకు అందదు. కాసేపాగి, "బడిలో పిల్లలకు?" అంది.

నాకు నోరు పెగల్లేదు. మా అబ్బాయి హైదరాబాదులో చదివిన బడిలో తెలుగు మాట్లాడితే జరిమానా. వాడికి తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటే గానీ రావు. నేను రాసిన సినిమాలు వాడు కింద ఇంగ్లీషు అక్షరాలు పెట్టుకుని చూస్తాడు. అవ్వ మనవడు పదేళ్ళవాడు, ఆమె తెలుగులో అడిగినదానికి సింహళంలో జవాబు చెబుతున్నాడు. మా ఇంట్లో జరిగేదీ సరిగ్గా అదే, సింహళం బదులు ఇంగ్లీషు. ఆమెకు బడి లేదు, లిపి లేదు, పేపరు లేదు, సినిమా లేదు. అయినా ఇంతకాలం కాపాడుకుంది. నాకు అన్నీ ఉన్నాయి. నా యాసను నేనే ఒక ఆఫీసు గుమ్మంలో వదిలేసి వచ్చాను.

"చెబుతరు అవ్వా, కొన్ని బడులల్ల" అన్నాను చివరికి. అది నిజమే. కానీ నిజం చెప్పినట్టు అనిపించలేదు.

బయల్దేరుతుంటే అవ్వ నా చెయ్యి లాక్కుని గీతలు చూసింది. ధనయోగం, విదేశయానం చెబుతుందేమో అనుకున్నాను. చాలాసేపు చూసి, చెయ్యి మూసి, "ఇంటికి పో" అంది. జాతకమో, వెళ్ళిరమ్మనడమో తెలియలేదు. ఇచ్చిన డబ్బు కళ్ళకద్దుకుంది.

తిరుగు దారిలో చెరువు కట్ట మళ్ళీ కనిపించింది. నీళ్ళు పుష్కలంగా ఉన్నచోట ఎవరూ చెరువు తవ్వరు. తవ్వేది ఎండు వైపు వాళ్ళే. ఒక్క చుక్కను కూడా ఊరికే పోనివ్వకుండా కట్ట వేసి ఆపుకుంటారు. అవ్వ తన పది మాటలను ఆపుకుంది అలాగే. మేం తడి వైపు వాళ్ళం. ఎనిమిది కోట్ల వాన కురుస్తోంది గదా అని కట్ట సంగతి మర్చిపోయాం.

హైదరాబాదు వచ్చాక చేతిలో ఉన్న సీను మళ్ళీ రాశాను. అందులో హీరోది పాలమూరు. మొదటిసారి వాడి చేత పాలమూరు మాటే మాట్లాడించాను. కొందరు పెదవి విరిచారు, దర్శకుడు ఉండనిచ్చాడు. ఆ సినిమా వస్తుందో రాదో నాకు తెలియదు. మా రంగంలో అది మామూలే.

ఆ రాత్రి లింగాలకు ఫోన్ చేశాను. అక్క ఎత్తింది. "అక్కా, సిలోన్‌ల తెలుగు మాట్లాడెటోళ్ళున్నరే! నేను పోయి మాట్లాడి వచ్చిన" అన్నాను ఊపిరాడకుండా.

అక్క ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "గంత దూరంబోయి గదేనా తెల్సుకున్నవ్? మనకు చిన్నప్పుడే ఎర్క గాదురా? దినాం రేడియోల ఇనకపోతుంటిమా?" అంది. కాసేపాగి, "ఇయ్యాల నువ్ మంచిగ మాట్లాడుతున్నవ్‌రా. అమ్మ ఉంటే ఇనేటిది" అంది.